మొదటి వాల్వు

"లాభం, రెండు, మూడు..."

ఫోను చెవికి ఆనించుకుని, మిరప చేలో ఒక్కో వాల్వు మీద చెయ్యి వేస్తూ అంకమ్మరావు లెక్క చెప్పుకొచ్చాడు. బస్తాలైనా గంపలైనా ఆయన నోట ఒకటి రాదు. మొదటిది లాభమే. పన్నెండు దగ్గర ఆగాడు. చేను పన్నెండు చెక్కలు, చెక్కకో వాల్వు. అవతల గుంటూరులో అన్న కూతురు బిందుమాధవి రాసుకుంది.

ఆ వారమే వచ్చి వాల్వుల్ని వాటంతటవే నడిపే పెట్టె బిగించింది. అందులో సీ భాషలో తను రాసిన ప్రోగ్రాం. పొద్దున్నే లూపు తిరుగుతుంది, వాల్వులు వరసగా తెరుచుకుని మూసుకుంటాయి. కంపైల్ చేసి, అంటే మిషను భాషలోకి మార్చి, ఎక్కించేశాక లోపలి రాత మనిషికి కనపడదట. లూపు పూర్తయితే ఆకుపచ్చ దీపం వెలగాలి. రోజూ వెలుగుతోంది.

నెలన్నరగా చినుకు లేదు. అయినా పదకొండు చెక్కలు గుబురుగా పూతకొచ్చాయి. గట్టు పక్కనున్న మొదటి చెక్క మాత్రం పచ్చగానే ఉన్నా జానెడు తక్కువ ఎదిగింది.

గట్టవతల అరెకరం కూడా అంకమ్మరావుదే. పాత బోరుతో సహా ఆరేళ్లుగా యేసుపాదం కౌలుకి చేస్తున్నాడు. పత్తి వేశాడు.

అంకమ్మరావు గట్టంతా గాలించాడు. తుమ్మకంప కింద నల్ల పైపు దొరికింది. ఒక కొస పత్తి చేలో, ఒక కొస తన మిరపలో. ముట్టుకుంటే తడి.

కలుపు తీస్తున్న యేసుపాదాన్ని కేకేసి, పైపెందుకని నిలదీశాడు. యేసుపాదం తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నేను చెబితే నమ్ముతారా రావుగారూ? మీ పెట్టెనే అడగండి."

"దొరికిపోయి కూడా ఎటకారమా? ఈ పత్తి తియ్యగానే చేను ఖాళీ చెయ్."

సాయంత్రం యేసుపాదం భార్య రెబెకా వచ్చి వాకిట్లో నిలబడింది. ఆ అరెకరం పోతే ఇద్దరం కూలికి పోవాల్సిందేనంది. అంకమ్మరావు తల తిప్పుకున్నాడు. పైగా, రేపు పెద్దమనుషుల్లో పెట్టి దొంగతనం రుజువు చేస్తానన్నాడు. రుజువుకి కాగితం కావాలి. తను మొదటి చెక్కకి ఎన్ని నీళ్లు వదిలాడో తేలితే, గట్టు దాటినవెన్నో అదే తేలుతుంది.

బిందుమాధవికి ఫోన్ చేసి ఆ లెక్క తియ్యమన్నాడు. ఆమె లాప్‌టాప్ తెరిచింది. తను రాసిన ప్రోగ్రాం మొదటి నుంచి చదువుకుంది.

"ఏమ్మాయ్, ఉన్నావా?"

"బాబాయ్, నువ్వు రెండు నుంచి పన్నెండు దాకా చెప్పావు. ఒకటోది మోటారు దగ్గరి వాల్వనుకుని లూపు రెండు నుంచే తిప్పాను. నారు నాటిన రోజు నుంచీ ఆ మొదటి చెక్కకి మన నీళ్లు చుక్క కూడా పోలేదు. మరి అదెలా బతికింది?"