ఎర్ర బటను

కొత్త తెర వెలిగింది. ఇన్‌స్పెక్టరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

డ్రైవింగ్ టెస్టుల కోసం ఆఫీసు ఇచ్చిన యంత్రం అది. అరచేతికి కాస్త పెద్దది. శనివారం కారు దిగుతుంటే జారి పడి, తెర ముక్కచెక్కలైంది. పైవాళ్లకు చెబితే సంజాయిషీ, విచారణ. ప్రమోషను ఫైలు కూడా వాళ్ల దగ్గరే ఉంది. అందుకని ఆదివారం భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి, గుట్టుచప్పుడు కాకుండా సీలు తీసి విప్పారు.

విప్పింది నిజానికి ఆయన భార్య. ఆయన మరలు ఊడదీయలేక తంటాలు పడుతుంటే, నెల రోజులుగా ముభావంగా ఉన్న మనిషి తనంతట తానే "ఇలా ఇవ్వండి" అంది. మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె, ఇంట్లో ఏది మొరాయించినా ఆవిడే దిక్కు. తెర కొనుక్కొచ్చిందీ ఆవిడే. కోపం పోయినట్టే అనుకుని ఆయన పొంగిపోయాడు.

"ఒక్కొక్కటే నొక్కి చూడండి."

పేరు వచ్చింది. ఫోటో వచ్చింది. సంతకం గీస్తే పడింది. 'పాస్' అనే ఆకుపచ్చ బటను ఇలా తాకితే అలా పలికింది. కింద కుడి మూలనున్న ఎర్ర బటను మాత్రం ఉలకదు, పలకదు.

"ఫెయిల్ పడట్లేదే!"

"వేలు తుడుచుకుని నొక్కండి."

తుడుచుకుని నొక్కాడు. గోటితో నొక్కాడు. యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాడు. అడ్డంగా తిప్పాడు, బటన్లు చోటు మారలేదు. ఆవిడ మళ్లీ విప్పి, లోపలి పట్టీ ఊడదీసి, ఉఫ్ఫుమని ఊది, బిగించింది. ఎర్రది తప్ప అన్నీ భేషుగ్గా పనిచేశాయి.

"ఆ మూల చచ్చిపోయిందండీ. తెర మళ్లీ మార్చాల్సిందే. ఇంకోటి బుధవారం దాకా రాదట. అందాకా సర్దుకోండి. ఆ బటను అంత అవసరమా?"

"అవసరమా ఏంటే! నేను వాడేదే అది!"

ఆ మాట అక్షరాలా నిజం. ఆయన్ని అందరూ 'మళ్లీరండి సార్' అంటారు. అద్దం చూడలేదు, మళ్లీ రండి. చక్రం గీత తొక్కింది, మళ్లీ రండి. మొదటిసారే ఆయన చేతిలో గట్టెక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సిఫార్సులు చెల్లవు, మొహమాటాలు లేవు. ఆ పేరంటే ఆయనకు మహా గర్వం.

సోమవారం సెలవు పెడదామంటే యంత్రాన్ని ఇంకొకరికి అప్పగించాలి. సీలు ఊడిందని ఇట్టే తెలిసిపోతుంది. పోనీ ఏదీ నొక్కకుండా ఉందామంటే తర్వాతి పేరు రాదు. చేసేది లేక వెళ్లాడు.

మొదటి కుర్రాడు బాగానే నడిపాడు. ఈయన హమ్మయ్య అనుకున్నాడు. రెండోవాడైన బేకరీ యజమాని రివర్సులో రెండు కోన్లు పడగొట్టాడు. ఇన్‌స్పెక్టరు ఎర్ర బటనును పదిసార్లు పొడిచాడు. చివరికి కళ్లు మూసుకుని ఆకుపచ్చది నొక్కాడు.

"పాసా సార్?" బేకరీ ఆయన తన చెవుల్ని తనే నమ్మలేదు.

"పాసే. కానీ ఇంకో నెల నేర్చుకున్నాకే బండి బయటికి తీస్తానని ఒట్టేయండి."

ఆయన ఒట్టేశాడు. బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలియని నర్సమ్మ కూడా ఒట్టేసి పాసైంది. భోజనాల వేళకు సంగతి ఆఫీసంతా పాకింది. గుమాస్తా వచ్చి, "సార్, ఒంట్లో బాగానే ఉందా?" అని మెల్లిగా అడిగాడు.

పదకొండుమందికి పదకొండు పాసులు. ఇరవై ఏళ్లుగా కాపాడుకున్న పేరు ఒక్కరోజులో మట్టిగొట్టుకుపోయిందని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక ఒక్కరే మిగిలారు. అది కూడా అయిపోతే ఇంటికెళ్లి భార్యకు చెప్పుకుని గుండె బరువు దించుకోవాలి. తన కష్టం తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

పన్నెండో కారెక్కి, తలుపేసుకుని, తెర మీది పేరు చదివి ఉలిక్కిపడి పక్కకు తిరిగేసరికి, పోయిన నెలతో కలిపి మూడుసార్లు తను ఫెయిల్ చేసిన భార్య, బెల్టు పెట్టుకుని, స్టీరింగు మీద చేతులుంచి, "బయల్దేరమంటారా సార్?" అంది.