మిగతా సగం

“అక్కడ ఆపు చెల్లాయ్. మిగతాది నీకు తోచినట్టు వాయించు,” అన్నాడు అన్నయ్య.

చెల్లెలి చేతిలో వయొలిన్ కమాను ఆగిపోయింది. అన్నయ్య సంగీతం కట్టిన సినిమాలన్నిటికీ మొదటి వయొలిన్ ఆమెదే. రికార్డింగ్ గదిలో ఇంతగా హడలిపోయింది మాత్రం ఇవాళే.

ఇది అన్నయ్య తనకు తానే పెట్టుకున్న పరీక్ష. కొత్త పాట కట్టినప్పుడల్లా వాద్యకారులకు మొదటి సగమే చెబుతాడు. మిగతా సగం ఫ్లూటు వాయించే తాతయ్య ఒక్కడికే ముందుగా నేర్పి ఉంచుతాడు. ఎవరైనా ఊహించి అదే వాయించారంటే ఆ పాట పాతదైపోయినట్టే. ఇక దాన్ని ఎవరు బతిమాలినా వాడడు. ఒకప్పుడు ఎంత తల బద్దలుకొట్టుకున్నా ఆ మిగతా సగం ఎవరికీ అందేది కాదు. ఈమధ్య చెల్లెలికి ఇట్టే అందుతోంది.

అద్దానికి అవతల కుర్ర దర్శకుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రాగానే మొహమాటం లేకుండా చెప్పేశాడు.

“సార్ పాటలు వింటూ పెరిగినవాణ్ణే. కానీ ఇప్పటివి ఏది విన్నా, ఎక్కడో విన్నట్టే ఉంటోంది. ఆ పరీక్షేదో నా ముందే పెట్టండి. నెగ్గితే సినిమా మొత్తం సార్‌దే. లేదంటే ఏమీ అనుకోవద్దు, ఇంకొకరిని చూసుకుంటాను.”

“అలాగే బాబూ,” అన్నాడు అన్నయ్య. గొంతులో పంతం బాగానే ఉంది. కాఫీ మాత్రం ముట్టకుండానే పక్కన పెట్టేశాడు.

దర్శకుడి పక్కన వదిన కూర్చుని ఉంది. ఇందాక గుమ్మం దగ్గర చెల్లెలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. “అమ్మాయీ, ఈసారి కూడా నువ్వు పట్టేశావంటే మీ అన్నయ్య ఇక హార్మోనియం ముందు కూర్చోరు. అది లేకపోతే ఆ మనిషి ఏమైపోతారో నాకు తెలీదు. నీకు దణ్ణం పెడతాను,” అంది. అంత పెద్దావిడ అలా అనేసరికి చెల్లెలు తల వంచుకుని లోపలికి వచ్చేసింది.

“కానియ్ చెల్లాయ్,” అన్నాడు అన్నయ్య మళ్లీ.

ఆమె కళ్లు మూసుకుంది. మొదటి సగం ఇంకా చెవుల్లోనే ఉంది. మెల్లగా పైకెక్కి, ఒక స్వరం మీద నిలబడి, ఎవరినో పిలవబోయి ఊరుకున్నట్టు ఆగింది. ఆ తరువాత అన్నయ్య ఎటు వెళతాడో ఆమె ఆలోచించనక్కర్లేదు. వేళ్లు అప్పటికే అటు జరిగాయి. తొందరపడకుండా దిగుతాడు. దారిలో ఒకచోట కాస్త ఊగి, చీకటి పడేలోపు ఇల్లు చేరే బుద్ధిమంతుడిలా వచ్చి షడ్జమం మీద కూర్చుంటాడు. ఎప్పుడూ అంతే.

అయితే ఇదీ పాతదే. ఈసారీ అందేసింది.

“ఏంటి మేడమ్, ఇబ్బందిగా ఉందా?” స్పీకర్లో దర్శకుడి గొంతు.

“లేదు బాబూ, తీగ కాస్త జారింది,” అని అబద్ధమాడింది. జారుతున్నవి ఆమె వేళ్లే. చేతిరుమాలుతో తుడుచుకున్నా చెమట ఆగడం లేదు. తను వాయించబోయే నాలుగు ముక్కలతో అన్నయ్య బతుకు తెల్లారిపోతుంది. ఆ పాపం తన చేతికే రాసిపెట్టి ఉందా అని ఏడుపొచ్చింది. ఫ్లూటు తాతయ్య ఆమెనే చూస్తున్నాడు. ఆ ముఖంలో ఏమీ తెలియడం లేదు.

అప్పుడు తెగించింది. అన్నయ్య చచ్చినా చేయని పనులేవో అవన్నీ చేయాలనుకుంది.

దిగాల్సినచోట పైకి ఎగిరింది. ఎగిరి, తాళం ఎక్కడుందో తెలియనంతసేపు ఊరికే ఆగింది. ఆ తరువాత రాగంలో లేని స్వరమొకటి పట్టుకుని, దాన్నే లాగి లాగి, పాట ఇల్లు చేరకుండానే కమాను ఎత్తేసింది. ఆ చివరి అపస్వరానికి ఆమెకే ఒళ్లు జలదరించింది. ఇంత కాలం నేర్చుకున్నదంతా ఒక్క నిమిషంలో కాలదన్నినట్టు సిగ్గేసింది కూడా.

అన్నయ్య తల వంచుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. కావాలనే తప్పు వాయించానని కనిపెట్టేశాడా అని చెల్లెలికి మళ్లీ భయమేసింది.

“నా వల్ల కాలేదన్నయ్యా,” అంది గబగబా. “ఎంత ఆలోచించినా అందలేదు.”

అద్దం వెనక వదిన రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేస్తోంది. అది చూశాక చెల్లెలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. గట్టెక్కాం, ఇక ఏమైనా ఫరవాలేదు అనుకుంటూ వయొలిన్‌ను ఒళ్లో పెట్టుకుంది.

దర్శకుడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. “తాతగారూ, ఇప్పుడు అసలుది మీరు వాయించండి. విందాం.”

“వద్దులే బాబూ,” అన్నాడు అన్నయ్య.

“అదేంటి సార్, వినకపోతే ఎలా? మేడమ్‌కి అందలేదంటున్నారుగా. వాయించండి తాతగారూ.”

తాతయ్య ఫ్లూటును పెదాల దాకా తీసుకెళ్లి, మళ్లీ దించేశాడు.

“నేను వాయించేదేముంది బాబూ,” అన్నాడు చెల్లెలి వంక చూస్తూ. “ఆ చివరి అపస్వరంతో సహా అమ్మాయి వాయించేసిందిగా.”