వెనక గది వైద్యం

"వాము నీళ్ళు మరగబెట్టి తాగితే పది నిమిషాల్లో తగ్గిపోతుందంటమ్మా," అన్నారు కోటిలింగం గారు, ఫోన్‌ని కళ్ళకు దూరంగా పట్టుకుని చదువుతూ.

పొయ్యి గట్టు పట్టుకుని వంగిపోయిన కోడలు మాధురి తల ఎత్తలేదు. నెలసరి రెండో రోజు. తెల్లవారినప్పటి నుంచి పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంది. ఒక్క గంట నడుం వాలిస్తే చాలు, ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు.

"మెంతులు కూడా మంచివేనట. సొంఠి కషాయం. నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి. వేడినీళ్ళ సంచి పెట్టుకోవచ్చట. మనింట్లో ఒకటుండాలే, ఎక్కడుందో మరి." ఆయన వేలితో ఫోన్‌ని ఇంకొంచెం పైకి జరిపారు. "అన్నీ ఇంట్లో ఉన్నవేనమ్మా. ఆ ఇంగ్లీషు బిళ్ళల జోలికి మాత్రం వెళ్ళకు."

"అవన్నీ నానబెట్టి, దంచి, మరగబెట్టేది కూడా నేనే కదా మామయ్యగారూ," అంది మాధురి. ఆయన అప్పటికే ఇంకేదో వీడియో పెట్టేశారు, వినపడలేదు.

కింద చీరల కొట్టులోంచి ఆమె భర్త జ్ఞానేశ్వర్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "మధూ, తిరుపతిరావు గారు హనుమాన్ జంక్షన్లో బయల్దేరారట. ఒంటిగంటకల్లా మన వన్ టౌన్లో ఉంటారు. మొత్తం ఐదుగురు. పెద్ద బేరం, భోజనం ఘనంగా ఉండాలి."

"ఏవండీ, నేను నిలబడలేకపోతున్నా. ఇవాళ్టికి ఇంకేదైనా చూడండి."

"ఇంకేం చూస్తాం? అవతల అమ్మ బయట చేరింది. నువ్వూ పడుకుంటే ఎలా?"

అమ్మ అంటే శివపార్వతి గారు. పాతకాలం మనిషి. నెలకి మూడు రోజులు వెనక గదిలో విడిగా కూర్చుంటారు. వంటింటి గడప తొక్కరు, గిన్నె ముట్టరు. కంచం గుమ్మం దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇదివరకు ఆ మూడు రోజులూ వెంకటరత్నమ్మ అనే వంటావిడ వచ్చి చేసిపెట్టేది. కోడలు కాపురానికి వచ్చాక వంటావిడ అవసరం లేకపోయింది.

"నీకా బాధ లేదు కదమ్మా," అన్నారు కోటిలింగం గారు గర్వంగా. "మా కోడల్ని మూల కూర్చోబెట్టం అని పెళ్ళిచూపుల్లోనే చెప్పాను. కాలం మారిందమ్మా."

నిజమే, ఆ ఇంట్లో కాలం మారింది. కోడలు మూడు రోజులూ వండచ్చు, వడ్డించచ్చు, అంట్లు తోమచ్చు. పూజ గదిలోకి మాత్రం వెళ్ళకూడదు. కాలం ఇంకా అక్కడిదాకా రాలేదు.

"మీ అత్తయ్యని చూడు," అన్నారాయన మళ్ళీ. "వయసులో ఉండగా మెలికలు తిరిగిపోయేది. ఐదారేళ్ళ నుంచి చూస్తున్నా, నొప్పన్న మాటే లేదు. నేను పట్టుబట్టి తాగించిన వాము నీళ్ళ మహిమ!"

మాధురి చేతిలో గరిటె జారి గచ్చు మీద పడింది. ఆమె దాన్ని తియ్యలేదు. పొయ్యి ఆపేసింది. తలుపు వెనక చాప తీసి చంకన పెట్టుకుంది.

"మామయ్యగారూ, నేనూ బయట చేరానండి."

"అదేంటమ్మా!" ఆయన ఫోన్ దించేశారు. "ఎంబీఏ చదివావు. ఈ రోజుల్లో ఇదేం చాదస్తం?"

"పెద్దవాళ్ళ ఆచారం కదండీ. అత్తయ్యగారు పాటిస్తుంటే నేను మానేస్తే ఏం బావుంటుంది?"

జ్ఞానేశ్వర్ చెయ్యి పట్టుకుని ఆపబోయాడు.

"ముట్టుకోకండి," అంది మాధురి. "మళ్ళీ తలస్నానం చెయ్యాలి. తిరుపతిరావు గారొచ్చే వేళయింది."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తండ్రీ కొడుకులిద్దరూ ఇరుక్కుపోయారు. ఆచారం తప్పని ఎలా అంటారు? ముప్పై ఏళ్ళుగా వెనక గదికి దణ్ణం పెట్టినంత పని చేశారు.

"ఒరేయ్," అన్నారు కోటిలింగం గారు చివరికి నీరసంగా, "ఆ వెంకటరత్నమ్మ నంబరు నీ దగ్గరుందా?"

"ఉంది నాన్నా."

ఆ మాట వెనక గది గుమ్మం దగ్గర మాధురికి స్పష్టంగా వినిపించింది. ఇన్నాళ్ళూ నంబరు దగ్గరే పెట్టుకున్నారని ఆమెకి ఒళ్ళు మండింది.

గదిలో ఫ్యాను చల్లగా తిరుగుతోంది. శివపార్వతి గారు నవారు మంచం మీద కాళ్ళు చాపుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సీరియల్ చూస్తున్నారు. కోడల్నీ, చంకలో చాపనీ చూసి లేచి కూర్చున్నారు.

"వచ్చావా! ఎన్నాళ్ళకి తెలివొచ్చిందే నీకు," అంటూ పక్కకి జరిగి దిండు సర్దారు. మోకాళ్ళ మీదున్న వేడినీళ్ళ సంచి తీసి కోడలి పొట్టకి ఆనించారు. మంచం కిందనుంచి డబ్బా లాగి చిమ్మిలి ఉండ చేతిలో పెట్టారు. "తిని పడుకో. ఎవడు పిలిచినా పలక్కు."

మాధురి పడుకుంది. ముప్పావుగంటకి కడుపులో పట్టు సడలింది. ఇంత చిన్న సుఖానికి తనకి కళ్ళనీళ్ళు రావడం ఆమెకే వింతగా అనిపించింది.

"అత్తయ్యగారూ, మీకూ ఇలాగే ఉండేదట కదా. ఎలా తగ్గింది? నిజంగా మామయ్యగారి వాము నీళ్ళేనా?"

శివపార్వతి గారు లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చారు. కోడలి చెవి దగ్గరకి వంగారు.

"మీ మామయ్యగారితో మాత్రం అనకు. నాకసలు ఆగిపోయి ఆరేళ్ళయిందే!"