పాచికకు పడ్డ తిట్లు

అక్క విల్లు తెచ్చి తమ్ముడి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, నీ విల్లు నువ్వే ఉంచుకో. రేపటి నుంచి నా కూతురు రాదు."

తమ్ముడు విలువిద్య కోచ్. అరిస్తే రోడ్డు దాకా వినిపిస్తుందని పిల్లలు అతనికి చాటుగా 'మైకు' అని పేరు పెట్టుకున్నారు. బాణానికి ఈక అతికిస్తున్నవాడల్లా తలెత్తాడు.

"ఎల్లుండి జట్టు ఎంపిక పెట్టుకుని ఇప్పుడు రాదంటావేంటక్కా?"

"నేననడం లేదురా, అదే అంటోంది. నిన్న అందరి ముందూ దాన్ని ఏమన్నావు? 'నీకన్నా గోడకి కొట్టిన మేకు నయం, పెట్టిన చోట ఉంటుంది' అన్నావు. ఇంటికొచ్చి మెతుకు ముట్టలేదు."

"అన్నాను. ఆ వెంటనే వేసిన బాణం ఎక్కడ తగిలిందో కూడా చెప్పిందా? సరిగ్గా నడిమధ్య, పసుపు చుక్కలో."

అక్క కిటికీలోంచి బయటికి చూసింది. పిల్ల మెట్ల మీద కూర్చుని బూటు తాడు ముడి విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. విల్లంటే ప్రాణం పెట్టే పిల్ల, తోటివాళ్లు బాణాలేస్తుంటే అటు తల కూడా తిప్పడం లేదు.

"దాన్ని తిట్టనని మాటిస్తేనే విల్లు వెనక్కి తీసుకెళ్తాను. లేదంటే ఇంతటితో సరి."

"నాకేమన్నా సరదానా అక్కా? మేనకోడలు పైకి రావాలనే కదా నా గొంతు చించుకుంటోంది. మొన్న మంచి బాణం వేసిందని శభాష్ అన్నాను. తర్వాతది టార్గెట్ దాటి ఇసుక బస్తాల్లోకి పోయింది. దీని ఒక్కదానితోనే కాదు, ఎవరితోనైనా ఇంతే. తిడితే బాగుపడతారు, మెచ్చుకుంటే పాడవుతారు. ఎవరో చెబితే విన్నది కాదిది. రోజూ నా కళ్లతో చూస్తున్నాను."

ఆ మాటతో అక్క కోపం సగం దిగిపోయి, దాని చోట్లో హుషారు వచ్చింది. ఆవిడ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. తమ్ముడు తనంతట తానే వచ్చి ఆవిడ గోదాలోకి దిగాడు.

వానొచ్చినప్పుడు పిల్లలు ఆడుకునే పాము-నిచ్చెన పెట్టె అలమరలో ఉంది. అక్క అందులోంచి పాచిక తీసి అతని చేతిలో పెట్టింది.

"వెయ్యి. తక్కువ పడితే దాన్ని తిట్టు. ఎక్కువ పడితే మెచ్చుకో."

"పాచికనా?"

"నీకు కొత్తేముందిరా, అలవాటైన నోరే కదా."

అతను నవ్వుకుంటూ వేశాడు. ఒకటి పడింది.

"ఊఁ, తిట్టు."

"ఆరు ముఖాలున్నాయి, ఒక్కదానికైనా సిగ్గుందా నీకు?" అన్నాడు పాచికతో. ఆ గొంతుకు బయట ఇద్దరు పిల్లలు ఉలిక్కిపడి బాణాలు దించేశారు.

మళ్లీ వేశాడు. నాలుగు.

"చూశావా, బాగుపడింది," అంది అక్క. "ఇంకోసారి వెయ్యి."

ఆరు పడింది. "శభాష్ తల్లీ, బంగారానివి," అన్నాడు. తర్వాత రెండు పడింది.

"నీ బతుక్కి రెండే ఎక్కువ," అన్నాడు, ఈసారి ఎవరూ చెప్పకుండానే. ఐదు పడింది. మెచ్చుకున్నాడు. మూడుకి దిగింది. అలా చాలాసేపు వేస్తూనే ఉన్నాడు. ఎప్పుడో ఒకసారి లెక్క తప్పినా, ఎక్కువసార్లు అదే వరస. అతని ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. అరచేతిలో పాచికను అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

"అర్థమైందా?" అంది అక్క మెత్తగా. "మరీ తక్కువ పడ్డాక, తర్వాత పడేది మామూలుగా దానికన్నా మెరుగ్గానే ఉంటుంది. మరీ బాగా పడ్డాక తగ్గుతుంది. బాణమైనా అంతే. కాకి వాలింది, తాటిపండు రాలింది. నువ్వేమో కాకికి దండ వేస్తున్నావు."

తమ్ముడు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి మెట్ల మీది పిల్లను చూశాడు. మైకు మూగబోవడం అక్క ఎప్పుడూ చూడలేదు. కాస్త జాలి కూడా వేసింది.

"నాదే తప్పక్కా," అన్నాడు చివరికి. "ఇన్నాళ్లూ పొరపాటు చేస్తున్నానని ఇప్పుడు తెలిసింది. దాన్ని లోపలికి పిలు."

పిల్ల వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. అతను విల్లు తీసి రెండు చేతులతో ఆమెకు అందించాడు.

"చూడమ్మా, మామయ్య ఒక పొరపాటు చేశాడు. మీ అమ్మ కళ్లు తెరిపించింది. ఇంకెప్పుడూ చెయ్యడు, సరేనా?"

పిల్ల తల్లి వంక చూసింది. తల్లి తలూపింది. పిల్ల విల్లు అందుకుని, అమ్ములపొది భుజానికి తగిలించుకుంది. నిన్నటి నుంచి ముడుచుకుపోయిన ముఖం విప్పారింది. అక్కకు కళ్లు చెమర్చాయి. ఎన్ని క్లాసులు చెబితే మాత్రం ఏం, తన పాఠం ఒకరి బతుకులో అక్కరకు రావడం ఇదే మొదటిసారి.

"ఆ పొరపాటేంటో నీ నోటితోనే చెప్పరా," అంది. "దాని మనసు కుదుటపడుతుంది."

తమ్ముడు పాచికను భద్రంగా జేబులో వేసుకున్నాడు.

"మధ్యమధ్యలో నీ కూతుర్ని మెచ్చుకుంటున్నాను కదక్కా, అదే. పొగిడితే పాచికకే పొగరొచ్చింది, పిల్లకి రాదా?"