పెట్టె మీది మీసాలాయన

"నా చెయ్యి కోసింది మీరే!"

నిన్న కొన్న కత్తినీ, దాని ఖాళీ అట్టపెట్టెనూ దుకాణదారు బల్ల మీదికి విసిరికొట్టింది ఆమె.

"నువ్వూ, ఈ పెట్టె మీద పళ్లికిలిస్తున్న మీసాలాయనా! ఇద్దరూ!"

కుడిచేతికి చుట్టిన గుడ్డ రక్తంతో తడిసిపోయింది. ఆస్పత్రి వంటశాలలో కూరలు తరిగే చెయ్యి అది. ఇంట్లో నోళ్లన్నీ దాని మీదే బతుకుతున్నాయి. సాయంత్రం వంటకి తరుగు అందకపోతే రేపట్నించి రానక్కర్లేదని పెద్ద వంటామె తెగేసి చెప్పింది.

"కత్తి కొయ్యక ముద్దు పెట్టుకుంటుందా అమ్మా?" అన్నాడు దుకాణదారు.

"అంచు కోస్తే నోరు మూసుకునేదాన్ని. పిడి కోసిందయ్యా! పట్టుకునే చోటు కోసింది!"

అతను పిడి మీద వేలు పెట్టి చటుక్కున లాక్కున్నాడు. పిడికి కొట్టిన మేకు తల పైకి లేచి ఉంది. దాని చుట్టూ అంచు అరగదీయకుండా వదిలేశారు.

"చిన్న లోపమేలే."

"పంటి కింద రాయీ చిన్నదే. నములు చూద్దాం!"

"మార్చిస్తాను, అరవకు."

ఇంకో పెట్టె విప్పాడు. అందులోనూ మేకు లేచే ఉంది. మరోటి విప్పాడు. అదీ అంతే. అల్మారా అంతా దులిపినా చేత్తో పట్టుకోదగ్గది ఒక్కటీ దొరకలేదు.

"ఇవా జనానికి అంటగడుతున్నావు?"

"ఎప్పట్నించో ఇవేనమ్మా. ఏడాదిగా ఒక్కరూ వెనక్కి రాలేదు. ఇవాళే నువ్వూ, పొద్దున ఇంకొకాయనా..."

మాట మింగేసి బయటి మెట్టు వైపు చూశాడు. మెట్టు ఖాళీగా ఉంది.

ఆమెకి నిన్నటి సంగతి గుర్తొచ్చింది.

నిన్న ఆ మెట్టు మీద బోడిమూతి ముసలాయన ఒకడు కూర్చునున్నాడు. కనుబొమ రెండుగా చీలి ఉంది. "ఒక్కసారి ఇటివ్వు తల్లీ, పిడి సవరించిస్తా" అని చెయ్యి చాచాడు.

కత్తి కొట్టేస్తాడనుకుంది. "దొంగ! దొంగ!" అని వీధంతా ఏకం చేసింది. దుకాణదారు వచ్చి మెడపట్టి గెంటాడు.

"ఇన్నాళ్లూ సరిచేసింది ఆయనేనా?"

"కొన్నవాళ్ల దగ్గర లాక్కుని ఏదో గోకుతుంటే, పిచ్చాడనుకున్నా."

"అయితే పిలువు ఆయన్ని!"

"ఎక్కడని పిలవను? మూట సర్దుకుని పొద్దున్నే బస్సెక్కాడట."

మెట్టు మూల అరిగిపోయిన గరుకు ఎమరీ కాగితం ముక్క ఒకటి మిగిలింది. ఆమె అక్కడే కూలబడింది. కత్తిని మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమచేత్తో మేకును రుద్దింది. రుద్దింది. కాగితం చిరిగింది. మేకు చెక్కుచెదరలేదు. పొద్దు వాలుతోంది.

పెట్టె తెచ్చి పక్కన పెట్టాడు దుకాణదారు. దాని మీద మీసాలాయన నవ్వుతూనే ఉన్నాడు.

"వీడెవడు? కంపెనీ యజమానా?" పళ్లు నూరింది ఆమె.

"కాదమ్మా. అక్కడి పనివాడట. ప్రతి పిడీ తడిమి, అరగదీసేవాడట. ఆయన చెయ్యి పడందే కత్తి బయటికి రాదని గొప్పగా బొమ్మ వేసుకున్నారు."

"మరిప్పుడెవరు తడుముతున్నారు?"

"ఎవరూ లేరు. పని నిదానమవుతోందని నిరుడు ఆయన పనిచేసే బల్లే ఎత్తేశారు."

ఆమె పెట్టెను ఒళ్లోకి తీసుకుంది. రక్తం అంటిన బొటనవేలితో బొమ్మ మీసాన్ని మూసింది.

బొమ్మలోనూ కనుబొమ రెండుగా చీలి ఉంది.

తర్వాత లేచి, పెట్టెను అతని ముక్కుకి తగిలేలా పెట్టింది.

"ఫోను తియ్యి. కంపెనీవాళ్లకి చెప్పు. ఈ బొమ్మనైనా చింపమను, లేదంటే నిన్న మనం దొంగంటూ తరిమేసిన ఈ మనిషిని వెతికి, ఆయన బల్ల ముందు కూర్చోబెట్టమను. ఇప్పుడే!"