వేలి మీద సిరా

పొద్దున్నే కుళాయి దగ్గర బంగార్రాజు గారు నిమ్మతొక్కతో బొటనవేలు రుద్దుకుంటున్నారు.

హరిబాబు పళ్లు తోముకోవడం ఆపి చూశాడు. వేలి మీద నీలం సిరా ఉంది.

"ఏంటండీ, దెబ్బ తగిలిందా?" అని అడిగాడు ఏమీ తెలియనట్టు.

"ఏం లేదు బాబూ." ఆయన చెయ్యి కండువా కింద దాచుకున్నారు. "రాత్రి బాగా నిద్ర పట్టిందా నీకు?"

రోజూ ఇదే ప్రశ్న. లేవగానే ఆ ముసలాయన ముందు హరిబాబు మంచం వైపే చూస్తారు, మనిషి ఉన్నాడా లేడా అని.

అది భీమవరం పక్కన, రొయ్యల చెరువుల మధ్య ఉన్న గెస్ట్‌హౌస్. రెండువేల ఆరు వేసవిలో ఒక కేబుల్ ఛానల్ వాళ్లు ఎనిమిది మందిని తెచ్చి అందులో పెట్టి, దొంగని పట్టే పోటీ నడిపారు. గేటు దగ్గర కొత్త ఆటోకి రిబ్బను కట్టి నిలబెట్టారు.

మొదటిరోజు తలా ఒక చీటీ ఇచ్చారు. ఒకదాంట్లో 'దొంగ', ఒకదాంట్లో 'కాపలా', మిగతావి ఖాళీ. ఏ చీటీ వచ్చిందో పైకి చెప్పకూడదని అందరి దగ్గరా మాట తీసుకున్నారు.

సాయంత్రం ఒక్కొక్కరూ చిన్నగదిలోకి వెళ్లి రావాలి. ఎవర్ని ఇంటికి పంపాలో దొంగ రాస్తాడు. ఎవర్ని కాపాడాలో కాపలా మనిషి రాస్తాడు. మిగతావాళ్లు ఊరికే నిలబడి వచ్చేస్తారు. దొంగ రాసిన మనిషి తెల్లారేసరికి వెళ్లిపోవాలి. కాపలా కూడా అదే పేరు రాసి ఉంటే గండం తప్పినట్టే.

ఐదో రోజు నుంచి ఓటింగ్. దొంగని పట్టించినవాళ్లకి ఆటో. చివరిదాకా దొరక్కపోతే ఆటో దొంగకే.

హరిబాబు పదకొండేళ్లుగా అద్దె ఆటో తోలుతున్నాడు. ఎక్కిన మనిషి ముఖం చూసి ఎలాంటివాడో చెప్పేస్తానని అతని నమ్మకం. గేటు దాకా వెళ్లి ఆ కొత్త ఆటోని రోజుకి పదిసార్లు చూసి వచ్చేవాడు. దాని మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో మొదటిరోజే బంగార్రాజు గారికి చెప్పేశాడు.

"నాకెందుకు బాబూ ఆటో?" అని ఆయన నవ్వారు. "మా మనవరాలు సరదాకి నా పేరు పంపించేసింది. సరే కదా అని వచ్చాను."

అప్పుడు మంచాయన అనుకున్నాడు. ఇప్పుడు ఆ నవ్వు తల్చుకుంటే భయమేస్తోంది.

మొదటి రెండు రోజులూ తెల్లారేసరికి ఒక్కో మడతమంచం గోడకి చేరింది. తర్వాత రెండు రోజులూ ఎవరూ పోలేదు.

ఎందుకు పోలేదో మంజుష చెప్పింది. తణుకులో బ్యూటీపార్లర్ నడిపే అమ్మాయి. 'అన్నయ్యా' అని నోరారా పిలుస్తుంది.

"చెప్పకూడదు గానీ అన్నయ్యా, కాపలా నేనే," అంది ఇవాళ తెల్లారుతూనే చెరువు గట్టు మీద. "రెండ్రోజులూ మీ పేరే రాశాను. రెండ్రోజులూ ఎవరూ పోలేదు. అంటే దొంగ రాస్తోంది మీ పేరే."

నమ్మించడానికి గోరింటాకు వేళ్లు చూపించింది. ఎరుపు మధ్యలో నీలం సిరా. చిన్నగదిలో ఉన్నది ఒకటే ఇంకుపెన్ను, అదీ కారుతుంది. రాసినవాళ్ల వేలికి అంటక తప్పదు.

రాసేది ఇద్దరే. ఒకరు మంజుష. రెండోవారు ఇదిగో, కుళాయి దగ్గర దొరికిపోయారు.

హరిబాబు తిన్నగా వెళ్లి మంజుషకి చెప్పాడు.

"నేననుకుంటూనే ఉన్నాను," అంది. "పేరు మీరు చెప్పండి అన్నయ్యా. చేతులు నేను ఎత్తిస్తాను. ఆటో మీదే."

భోజనాలయ్యాక ఆరుగురినీ హాల్లో కూర్చోబెట్టారు. యాంకర్ సాయికిరణ్ మైకు అందించాడు. హరిబాబు లేచాడు.

"బంగార్రాజు గారేనండి. ఆయన వేలు చూడండి."

ఆయన చెయ్యి దాచుకోలేదు.

"మీరేమైనా చెబుతారాండీ?" అని సాయికిరణ్ అడిగాడు.

"చీటీ సంగతి పైకి చెప్పనని మాటిచ్చాను కదండీ. చెప్పను."

హరిబాబుకి మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. మంజుష చెయ్యెత్తింది. ఆమెని చూసి మిగతా ముగ్గురూ ఎత్తారు.

బంగార్రాజు గారు సంచి సర్దుకున్నారు. గుమ్మం దగ్గర హరిబాబు భుజం మీద చెయ్యి వేశారు.

"ఇవాళ్టి నుంచి జాగ్రత్తగా ఉండు బాబూ."

బెదిరిస్తున్నారనుకున్నాడు హరిబాబు. ఆ చెయ్యి విదిలించుకున్నాడు.

గేటు మూసుకుంది. సాయికిరణ్ కవరు చింపి చూశాడు.

"బంగార్రాజు గారు దొంగ కాదండి. ఆట సాగుతుంది. సాయంత్రం మామూలుగానే చిన్నగదికి వెళ్లాలి."



"అదేంటి చెల్లెమ్మా?" అన్నాడు హరిబాబు. మంజుష లేచి బయటికి నడిచింది.

సాయంత్రం మొదట ఆమే లోపలికి వెళ్లింది. బయటికొస్తూ చున్నీకి వేళ్లు తుడుచుకుంది.

"పాపం, మీరు మంచివాళ్లు అన్నయ్యా," అని పక్కనుంచి వెళ్లిపోయింది.

హరిబాబు లోపలికి నడిచాడు. పెన్ను మూత తీసే ఉంది, బల్ల మీద తడి సిరా చుక్క.

ఓటింగ్‌లో వెళ్లిపోయిన మనిషి తాలూకు కాగితాలు గోడకి అంటించారు. పైన ఆయనకి వచ్చిన చీటీ, అందులో 'కాపలా' అని ఉంది.

దాని కింద నాలుగు సాయంత్రాలవీ నాలుగు కాగితాలు, నాలుగింటి మీదా వణికే అక్షరాలతో ఒకటే పేరు ఉంది, హరిబాబు.