మూడోనాటి నీళ్లు

వంటింట్లో గ్యాస్ అంటుకుని ఏడేళ్ల దెమియానా పోయి ఇవాళ్టికి మూడోరోజు. మా చర్చి గురువు అబూనా బాఖూమ్ దీవించిన నీళ్లు ఇల్లంతా చల్లుతుంటే, గిన్నె పట్టుకుని నేను వెనక నడుస్తున్నాను. మీద పడ్డ చుక్కల్ని ఎవరూ తుడుచుకోలేదు. దీవెనను తుడిచేయకూడదు.

మసిబారిన వంటగది దగ్గర పిల్ల తల్లి ఇంసాఫ్ అడ్డంగా నిలబడింది.

“అబూనా, దేవుడికి నా మీద ఎందుకంత కోపం? గ్యాస్ కట్టేయడం కూడా చేతకానిదాన్నని మా అత్త ఒకటే సాధిస్తోంది.”

“దేవుడు ప్రేమ, తల్లీ. ఆయనకు ఎవరి మీదా కోపం లేదు.”

నిన్న నేను నా పాపం ఒప్పుకున్నప్పుడు కూడా అబూనా ఈ మాటే చెప్పి, క్షమాపణ ప్రార్థన చదివారు. తూచకుండా పొట్లం కట్టిచ్చినట్టు అనిపించింది. ఇంటికెళ్లి రొట్టె తిన్నాను, రుచి తెలియలేదు.

“ఎవరి మీదా లేదా?” అంది ఇంసాఫ్. “నా పిల్ల కాలిపోతే ఆయనకు ఏమీ అనిపించలేదా? బాబాయ్, నువ్వైనా చెప్పు. నాలుగూళ్లు తిరిగిన వ్యాపారివి.”

“కోపం ఉందమ్మా,” అన్నాను. “నీ మీద కాదు, నా మీద. ఆ గ్యాస్ పైపు పగిలిందని తెలిసే నీకు అమ్మాను. ఇంకో నెల ఆగుతుందని లెక్క వేసుకున్నాను.”

ఆమె గిన్నె లాక్కుని నీళ్లన్నీ నా మొహాన కొట్టింది. తుడుచుకుందామని నేను వేసుకున్న పొడుగు అంగీ, గలాబియా, చేయి ఎత్తాను.

“తుడుచుకోకు బాబాయ్,” అంది ఇంసాఫ్.

మూడు రోజుల్లో మొదటిసారి నాకు చలి తెలిసింది.